కుందేలు బొక్క రుద్దే స్తెఫను

మా కాలేజీలో వేలిముద్రల హాజరు యంత్రం పెట్టిన రోజున స్తెఫనును అది మనిషిగా ఒప్పుకోలేదు. చూపుడువేలు పెడితే ఎర్రలైటు, నడిమివేలు పెడితే ఎర్రలైటు. ప్రిన్సిపాల్ తన చేతిరుమాలుతో ఆ వేళ్ళు తుడిచి మరీ పెట్టించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ వేళ్ళతో ఎముకలు రుద్దుతున్న మనిషికి ముద్రలు ఎక్కడ మిగులుతాయి, రిజిస్టర్లో సంతకం పెట్టించుకోండి అని గట్టిగానే అన్నాను. అప్పటినుంచి కాలేజీ మొత్తంలో సంతకం పెట్టేది అతనొక్కడే.

నా పేరు అరుణజ్యోతి. నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా జువాలజీ చెబుతున్నాను. నాకు నోరెక్కువని పేరు, కాదనను. స్తెఫను మా ల్యాబ్ అటెండర్. తండ్రి పెద్దరైతుల చేలల్లో కూలి చేసేవాడు. ఇతను పదో తరగతి రెండుసార్లు తప్పి, ఇరవై రెండో ఏట కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. అప్పటి జువాలజీ సారుకు చేతులు వణికేవట. స్లైడ్లు చేయలేక గేటు దగ్గరున్న పిల్లవాణ్ణి పిలిచి నేర్పించాడు. ఆయన రిటైరై వెళ్ళిపోయాడు, పని ఇతని చేతిలో ఉండిపోయింది. ఉద్యోగం మాత్రం ఇప్పటికీ టెంపరరీయే.

ఎముక స్లైడ్ చేయడమంటే ఆషామాషీ కాదు. కుందేలు తొడ ఎముకను సోడా నీళ్ళలో ఉడికించి, కొవ్వంతా పోయేదాకా కడిగి ఎండబెట్టాలి. రంపంతో అడ్డంగా పలుచటి బిళ్ళ కోయాలి. ఆ బిళ్ళను తడి సానరాయి మీద వేలికొసతో నొక్కి రుద్దాలి. ముందు గరుకు రాయి, తర్వాత నున్న రాయి. కింద న్యూస్ పేపర్ పెడితే అక్షరాలు కనబడేంత పలచనయ్యేదాకా రుద్దాలి. ఒక్క రుద్దు ఎక్కువైతే చేతిలో పొడి మిగులుతుంది. నేను మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ పొడి చేశాను. నాలుగోసారి స్తెఫను నా చేతిలో రాయి తీసేసుకుని, మీరు పాఠం చెప్పుకోండ్రి మేడం అన్నాడు.

అతను చేసిన స్లైడ్ చూస్తే ఎముక రాయిలాంటి వస్తువని ఎవరూ అనరు. నడుమ రక్తనాళం పోయే రంధ్రం, దాని చుట్టూ పొర మీద పొరగా వలయాలు, ఆ పొరల మధ్య నల్లటి చిన్న చిన్న గుంటలు. ప్రాణం ఉన్నప్పుడు ఎముక కణాలు కూర్చున్న చోట్లవి. గుంట నుంచి గుంటకు వెంట్రుక కన్నా సన్నటి కాలువలు. ఒక ఏడాది హైదరాబాదు నుంచి మనిషి ఎముక స్లైడ్ ఒకటి తెప్పించాం. స్తెఫను దాన్నీ తన కుందేలుదాన్నీ మార్చి మార్చి చూసి, మనిషివి చక్రాలు పెద్దగ, ఎడమెడంగ ఉన్నయి, కుందేలువి చిన్నగ, ఒత్తుగ ఉన్నయి, అదీ నడిమి పట్టీలనే, అంచుకు చక్రాలే లేవు అన్నాడు. పుస్తకం తీసి చూస్తే అక్షరాలా అదే రాసి ఉంది. ఎమ్మెస్సీ చదివిన నేను అంతవరకూ ఆ తేడా గమనించలేదు.

కుందేళ్ళు అతని బామ్మర్ది విక్టర్ దగ్గరివి. ఊరి బయట పెంపుడు కుందేళ్ళు సాకి మాంసానికి అమ్ముతాడు. ఒక్కో ఎముకలో నడుమ రెండు బిళ్ళలు తీస్తే మిగతా ముక్కలన్నీ దండగ. ఆ ముక్కలతోనే వచ్చింది తంటా. ఒకరోజు కుక్క ఒక ముక్కను కరుచుకుపోయి కాలేజీ వెనక వీధిలో ఒకరి గడప ముందు వదిలింది. ఇక్కడివాళ్ళు ఎముకను బొక్క అంటారు. పొద్దున్నే గడప ముందు బొక్క కనబడిందంటే ఎవరో బాణామతి చేశారనే లెక్క. ఆ వీధిలో మూడు రోజులు పసుపు, నిమ్మకాయలు, ఏడుపులు, ఒకరి మీద ఒకరికి అనుమానాలు. నేను హడలిపోయి స్తెఫనును కేకలేశాను. ఇక మీదట ఒక్క ముక్క కూడా ఇక్కడ కనబడకూడదన్నాను. మరి యాడ వెయ్యాలె మేడం అని అడిగాడు. ఎవడికైనా ఇచ్చెయ్, ఊరు దాటిపోతే చాలు అన్నాను. తర్వాత ఆ సంగతి మళ్ళీ అడగలేదు. అడగాల్సింది.

కిష్టవ్వ మా కాలేజీ ఊడుస్తుంది. అరవై దాటిన మనిషి, బోరంచ పోయే దారిలో చిన్న పల్లె ఆమెది. మొగుడు లేడు. ముప్పై నాలుగేళ్ళ కింద ఒక్కగానొక్క కొడుకు ఎనిమిది నెలల వాడు జ్వరంతో పోయాడు, మళ్ళీ కడుపు పండలేదు. స్తెఫనును బొక్కల దొర అని పిలిచేది. ఏం దొరా, ఇయ్యాల ఎన్ని బొక్కలు అరగదీసినవ్ అంటూ ల్యాబ్‌లో చీపురు తిప్పేది. పద్దెనిమిదేళ్ళలో ఆమె చెప్పకుండా నాగా పెట్టినట్టు నాకు గుర్తు లేదు. పోయినేడాది కందిచేలు పూతకొచ్చిన రోజుల్లో వరసగా నాలుగు రోజులు రాలేదు.

ఐదో రోజు, శనివారం, స్తెఫను చాయ్ హోటల్లో విని వచ్చి చెప్పాడు. కిష్టవ్వ మరిది నర్సింగ్ కొడుకు శివరాజ్ హైదరాబాదులో కూలిపనికి పోయి కడుపునొప్పితో తిరిగొచ్చాడు. మూడు నెలల్లో సగం మనిషయ్యాడు. పెద్దాసుపత్రికి పొమ్మంటే పోకుండా, నాగల్‌గిద్ద అవతలి నుంచి మాణిక్యప్ప అనే మంత్రగాణ్ణి పిలిపించారు. వాడు శివరాజ్ బొడ్డు దగ్గర నోరు పెట్టి పీల్చి, నెత్తురుతో పాటు ఒక బొక్క ఉమ్మాడట. చూసి, ఇది పాలు తాగే వయసులో సచ్చిన పిల్లగాని చెయ్యి బొక్క, కన్నతల్లే తవ్వి తీసి మంత్రం పెట్టింది అన్నాడట. ఆ వాడకట్టులో పాలు తాగే కొడుకును పోగొట్టుకున్న తల్లి కిష్టవ్వ ఒక్కతే.

అంతటితో ఆగలేదు. నర్సింగ్ మనుషులు చేను గట్టున ఆ పసివాణ్ణి పెట్టిన చోటు తవ్వారు. రెండు మూరల లోతు తవ్వినా ఏమీ దొరకలేదు. దొరకలేదు కనుక ఆమే తీసిందని ఖాయం చేశారు. ఆదివారం పొద్దున ఊరంతా కూడి, మళ్ళీ మంత్రం చదవకుండా ఆమె పళ్ళు ఊడగొట్టి ఊరవతలికి వెళ్ళగొట్టాలని అనుకున్నారు. పళ్ళు ఊడగొట్టడం! నేను పుస్తకాల్లో చదివాను, ఎప్పటి మాటో అనుకున్నాను. రేపు పొద్దున్నే అట.

స్తెఫను బండి మీద ఇద్దరం వెళ్ళాం. కిష్టవ్వను ఆమె ఇంట్లోనే పెట్టి బయట గొళ్ళెం వేశారు. కిటికీ ఊచల వెనక ఆమె ముఖం కనబడింది. ఐదు రోజుల్లో పదేళ్ళు మీదపడ్డాయి. పోలీసులకు ఫోన్ చేస్తానని సెల్లు తీస్తే ఆమె వద్దంది. పోలీసులొస్తరు, పోతరు, తెల్లారి నేను వీళ్ళ నడుమనే బతకాలె అంది. నేను కోపంతో ఏదో అనబోతే స్తెఫను నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఎప్పుడూ అలా ముట్టుకునే మనిషి కాడు.

ఆ బొక్క ఊరి పెద్ద భూమన్న దగ్గర పసుపు గుడ్డలో ఉంది. భూమన్న మూర్ఖుడు కాదు, భయస్తుడు. స్తెఫను అతనికి తన పనేమిటో చెప్పాడు. చిన్న బిళ్ళ కోసి అరగదీసి సూక్ష్మదర్శినిలో చూస్తే మనిషిదో జంతువుదో తెలుస్తుందన్నాడు. నర్సింగ్ ఒప్పుకోనని అరిచాడు. భూమన్న కాసేపు గడ్డం గోక్కుని, రేపు పొద్దెక్కక ముందే తెచ్చియ్యి, పోగొడితే నువ్వు జవాబుదారివి అని ఇచ్చాడు. తీసుకున్నాక స్తెఫను మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆమెను అడగకుండా ముట్టననుకున్నాడో ఏమో.

కిష్టవ్వ ఆ గుడ్డమూట వైపు చూసింది.

"నా పిల్లగాందే అయితే, రాయి మీద పెట్టి రుద్దుతవా స్తెఫనూ?"

అతను తల వంచుకున్నాడు. నేను అటు తిరిగాను. కొంతసేపటికి వెనకనుంచి ఆమె గొంతే మళ్ళీ వినబడింది.

"రుద్దు. నన్ను ఏమన్న చేసుకోనీ. వాన్ని ఎవడన్న తవ్విండా, గది నాకు ఎర్కగావాలె."

సాయంత్రం నాలుగింటికి ల్యాబ్ తెరిచాం. స్తెఫను బొక్కకు పట్టిన కుంకుమ, నెత్తురు కడిగాడు. విరిగిన కొన నుంచి గోరంత ముక్క తీసి రుద్దడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ దేవుళ్ళందరికీ మొక్కాను. సైన్సు టీచర్ని, నవ్వితే నవ్వుకోండి. గంటన్నర పట్టింది. పైన కవర్ స్లిప్ అనే సన్నటి గాజుబిళ్ళ వేసి, సూక్ష్మదర్శినిని తను చూడకుండా నాకే జరిపాడు.

కన్ను పెట్టాను. చిన్న చిన్న వలయాలు, ఒత్తుగా, నడిమి పట్టీలో. అంచు వైపు వలయాలే లేవు, సన్నటి నాళాల రంధ్రాలు మాత్రమే. ఎనిమిది నెలల పసివాడి ఎముక ఇలా ఉండదు, దాని అల్లిక ఇంకా కుదురుకోదు. ఇది ఈడొచ్చిన కుందేలుది. పద్దెనిమిదేళ్ళుగా ఏటా పిల్లలకు చూపించే బొమ్మే ఇది. కుందేలు స్తెఫనూ, కుందేలు అని అరిచి లేచాను. అతను మాత్రం కదల్లేదు. మిగిలిన బొక్క ముక్కను లైటు కింద పట్టుకుని దాని రెండో కొన చూస్తున్నాడు.

"ఇది నా రంపం మేడం."

ఏమిటని అడిగాను. ఆ కొన విరిగింది కాదు, కోసింది. కోసిన చోట ఒక అంచున అదనంగా ఇంకొక గీత ఉంది. అతని రంపంలో ఒక పన్ను పక్కకు వంగి ఏడేళ్ళయింది. కొత్తది కొనమని కాలేజీకి చెప్పీ చెప్పీ విసిగిపోయి దాంతోనే నెట్టుకొస్తున్నాడు. అది కోసిన ప్రతిచోటా ఆ రెండో గీత పడుతుంది. సొరుగు లాగి నాలుగు ముక్కలు నా ముందు పెట్టాడు. నాలుగింటి మీదా అదే గీత.

ఆ మంత్రగాడి దగ్గరికి ఎలా వెళ్ళింది అంటే, గోడకు ఆనుకుని మెల్లగా చెప్పాడు. ఆరేళ్ళ కింద ఒకడు బండి మీద వచ్చి, పశువుల మందులో కలుపుతాను, పారేసే బొక్కలుంటే ఇవ్వమన్నాడట. యాడికి తీసుకపోతవ్ అంటే నాగల్‌గిద్ద అవతలికి అన్నాడట. అంత దూరం పోతే కుక్కలు మళ్ళీ ఎవరి గడప ముందూ వెయ్యవు, ఎవరి మీదా నింద రాదు అనుకుని సంచిలో పోసి ఇచ్చాడు. అప్పటినుంచి రెండు మూడు నెలలకోసారి వాడు రావడం, ఇతను ఇవ్వడం. పైసా తీసుకోలేదు. పేరు కూడా అడగలేదు.

నీకు బుద్ధుందా అని తిట్టడానికి నోరు తెరిచాను. ఎవడికైనా ఇచ్చెయ్ అన్నది నేనే కదా అని అప్పుడు గుర్తొచ్చింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. కాసేపటికి తేరుకుని, రేపు కుందేలుదని మాత్రం చెబుదాం, నీ సంగతి ఎత్తొద్దు, వాళ్ళు నిన్ను బతకనివ్వరు అన్నాను. అతను రాళ్ళు కడిగి, తుడిచి, లోపల పెట్టాడు.

ఆదివారం అతను చర్చికి పోలేదు. అద్దంతో ఎండను పట్టే పాత సూక్ష్మదర్శినిని గోనెసంచిలో చుట్టి, రంపం, కోయని ఎముక ఒకటి పెట్టుకుని వచ్చాడు. మేము వెళ్ళేసరికి ఊరు ఊరంతా భూమన్న ఇంటి ముందు ఉంది. నడుమ నేల మీద కిష్టవ్వను కూర్చోబెట్టారు, ఎదురుగా మాణిక్యప్ప. ఆమె పక్కన ఒక పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఒక పట్కారు. సైకిల్ షాపుల్లో ఉండే మామూలు పట్కారు.

సూక్ష్మదర్శిని బల్ల మీద పెట్టి ఒక్కొక్కరినీ పిలిచి చూపించాను. ముందు మనిషి స్లైడ్, తర్వాత ఇది. భూమన్న చూశాడు, ఆడవాళ్ళు చూశారు. చక్రాలు వేరే ఉన్నయే అని గుసగుసలు మొదలయ్యాయి. నాకు ధైర్యం వచ్చింది. అంతలో మాణిక్యప్ప తనూ వంగి చూసి, తీరిగ్గా లేచి, అవును, కుందేలుదే, చెవులపిల్లిదే అన్నాడు. తీసినప్పుడు పిల్లగాని బొక్కనే, రాత్రి ఈమె మంత్రంతో చెవులపిల్లి బొక్క చేసింది, ఇంతకన్న రుజువేం కావాలె అన్నాడు. జనం గుండ్రంగా వెనక్కి జరిగారు. నా పద్దెనిమిదేళ్ళ పాఠాన్ని వాడు ఒక్క ఉమ్ముతో తుడిచేశాడు. నర్సింగ్ పట్కారు చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు స్తెఫను బల్ల పక్కనుంచి ముందుకొచ్చి కిష్టవ్వకూ నర్సింగ్‌కూ నడుమ నిలబడి, మాణిక్యప్ప వైపు వేలు చూపించాడు. బండి మీద వచ్చి బొక్కలు తీసుకుపోయేవాడు అతనే.

"మంత్రం లేదు, ఏం లేదు. గా బొక్క నేనిచ్చిన. ఆరేండ్ల సంది ఈనకు నేనే ఇస్తున్న."

అతను కూర్చుని, తెచ్చిన ఎముకను మోకాలి కింద నొక్కిపెట్టి వాళ్ళ కళ్ళముందే రంపంతో కోశాడు. ఆ కోత మీది రెండో గీతనూ, మంత్రగాడి బొక్క మీది గీతనూ పక్కపక్కన పెట్టి భూమన్నకు ఇచ్చాడు. భూమన్న ఎండకు పట్టి చూసి నర్సింగ్‌కు ఇచ్చాడు. మాణిక్యప్ప మెల్లగా తన బండి వైపు నడవబోతే ఇద్దరు కుర్రాళ్ళు అతని భుజం మీది సంచి లాగారు. సంచి తిరగబడింది. దుమ్ములో బొక్కలు పడ్డాయి, పది పన్నెండు. ఒక్కొక్కదాని మీదా అదే గీత.

గుంపులోంచి ఒక ముసలామె వచ్చి వంగి ఒక ముక్క తీసుకుంది. సిర్గాపూర్ దిక్కు ఏదో ఊళ్ళో ఆమె అక్క ఉంటుందట. రెండేళ్ళ కింద ఆమెకూ ఇదే మాణిక్యప్ప, ఇదే తీరు.

"మా అక్క పండ్లు గీ చెవులపిల్లి బొక్కకేనా పోయినయి?" అని స్తెఫనునే అడిగింది. గట్టిగా కూడా అడగలేదు.

నర్సింగ్ పట్కారు పారేసి వచ్చి స్తెఫనును చెంప మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. స్తెఫను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఇవ్వమన్నది ఎవరు అని భూమన్న ఒక్క ప్రశ్న వేశాడు. స్తెఫను నా వైపు చూడలేదు, ఎవరూ అనలేదు, నాకే తెలివి లేకపాయె అన్నాడు. నోరెక్కువ అని పేరుపడ్డ నేను అక్కడే నిలబడి ఉన్నాను, నోరు తెరవలేదు. ఆనాడు అనలేని మాట ఈనాడు రాస్తున్నాను. ఇవ్వమన్నది నేను.

ఈసారి భూమన్నే పోలీసులకు ఫోన్ చేశాడు. మాణిక్యప్పను తీసుకుపోయారు. శివరాజ్‌ను ఆ మధ్యాహ్నమే ఆటోలో దవాఖానకు పంపించాం. పేగులకు టీబీ అని తర్వాత తేలింది, మందులు వాడుతున్నాడు, అన్నం తింటున్నాడు. జనం ఒక్కొక్కరే తలలు దించుకుని వెళ్ళిపోయారు. కిష్టవ్వ కాళ్ళు పట్టుకున్నవాడు గానీ, తప్పైందని అన్నవాడు గానీ ఒక్కడూ లేడు.

ఆమె లేచి ఇంటికి పోలేదు, చేను వైపు నడిచింది. మేమిద్దరం వెనక నడిచాం. గట్టున వాళ్ళు తవ్విన గుంత అలాగే నోరు తెరుచుకుని ఉంది, పక్కన మన్ను కుప్ప. ఆమె గుంత అంచున కూర్చుని లోపలికి చూసింది.

"చెవులపిల్లిదైతే, మరి నా పిల్లగాడు యాడబోయిండు?"

స్తెఫను ఆమె పక్కన చతికిలబడ్డాడు. చెంపలు వాచి ఉన్నాయి. పసిబిడ్డల బొక్క మెత్తగుంటది అక్కా, ముప్పై ఏండ్లు మట్టిల ఉంటే మట్టే అయితది, వాన్ని ఎవడూ తీయలేదు, ఈ మన్నులనే ఉన్నడు అని చెప్పాడు. ఆమె విన్నదో లేదో తెలియలేదు. పక్కనున్న కుప్పలోంచి ఒక మట్టిపెళ్ళ చేతిలోకి తీసుకుని, వేళ్ళతో చిదిపి చూస్తూ కూర్చుంది.

స్తెఫను లేచి, గుంత పూడ్చడానికి రెండు చేతులతో మన్ను ఎత్తి లోపలికి వేశాడు. పెళ్ళలు దబ్బున పడ్డాయి. కిష్టవ్వ ఉలిక్కిపడి అతని చెయ్యి పట్టుకుంది.

"మెల్లగ పొయ్యి స్తెఫనూ, మొకం మీద పడ్తది."